పోర్ట్‌మాంటో మాటల పట్టిక: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఇంగ్లీషులో రెండు మాటల్ని కోసి ఒకటిగా అతికిన మాటలంటే నాకు చాలాకాలంగా ఇష్టం. బ్రంచ్, స్మాగ్, మోటెల్, బ్రెగ్జిట్, ఇలాంటివి. చదువుతుంటే తగిలినవన్నీ ఫోన్‌లో రాసి పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడవి ఒక వరుసా వాయీ లేకుండా పెరిగిపోయాయి. వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఏ మాట ఎక్కడ తెగింది, అక్కడే ఎందుకు తెగింది, దేన్ని ఏ రకంలో వేయాలి అన్నది తేల్చుకోవడమే ఈ ప్రాజెక్టు. పని జరిగినంత మేర ఇక్కడ రాస్తుంటాను.

ముందు పేరు సంగతి. పోర్ట్‌మాంటో అంటే పుస్తకంలా రెండు అరలుగా తెరుచుకునే ప్రయాణపు పెట్టె. లూయిస్ కారల్ 1871లో రాసిన ఆలిస్ రెండో కథలో హంప్టీ డంప్టీ 'స్లైదీ' అనే వింత మాటకి అర్థం చెబుతూ, ఇందులో 'లైద్', 'స్లైమీ' రెండూ సర్ది ఉన్నాయని, ఇది ఆ పెట్టెలాంటిదని అంటాడు. ఆ పోలికే పేరై నిలిచింది. భాషాశాస్త్రం చదివినవాళ్లు బ్లెండ్ అంటారు. స్లైదీ జనంలోకి రాలేదు. అదే రచయిత చకిల్, స్నార్ట్ కలిపి చేసిన 'చార్టిల్' మాత్రం మామూలు ఇంగ్లీషు మాటైపోయి, ఈ రోజు దాన్ని ఎవరూ కల్పించిన మాటగా చూడరు.

పట్టికలోకి రావడానికి నేను పెట్టుకున్న షరతు ఇది: రెండు మాటల్లో కనీసం ఒకటి తనలో కొంత భాగం పోగొట్టుకోవాలి, లేదా రెండూ కొన్ని ధ్వనుల్ని ఉమ్మడిగా వాడుకోవాలి. బ్లాక్‌బోర్డ్‌లాగా రెండూ నిండుగా పక్కపక్కన నిలబడితే అది మామూలు సమాసం, దానితో మనకి పని లేదు.

మొదటి విభజన 1977లో జాన్ ఆల్జియో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో చేసినదాన్ని బట్టి చేసుకున్నాను. ధ్వనులు కలిసినవి ఒక రకం, కత్తిరించి అతికినవి ఒక రకం, రెండూ జరిగినవి ఒక రకం. మొదలుపెట్టడానికి ఇంతకంటే సూటైన పద్ధతి నాకు కనపడలేదు.

జూన్, మూడో వారం

కోతని స్పెల్లింగులో వెతకాలా, ధ్వనిలో వెతకాలా? ధ్వనిలోనే అని తేల్చుకున్నాను. కారణం స్మాగ్.

1905లో లండన్ డాక్టరు హెన్రీ డెవో పొగకి, పొగమంచుకి కలిపి వాడిన మాట ఇది. స్మోక్, ఫాగ్. స్పెల్లింగు చూస్తే రెండింటిలోనూ 'ఓ' అనే అక్షరం ఉంది, స్మాగ్‌లోనూ ఉంది. కాబట్టి ఆ అక్షరం ఇద్దరిదీ అనిపిస్తుంది. చెవికి అలా కాదు. స్మోక్‌లో ఉన్నది దీర్ఘమైన ఓ, ఫాగ్‌లో ఉన్నది నోరు తెరిచి పలికే ఆ. స్మాగ్‌లో వినపడేది ఫాగ్‌దే. అంటే స్మోక్ ఇచ్చింది 'స్మ్' మాత్రమే. ఇదే తెలుగులో రాసుకుంటే వివరించే పనే లేదు, మూడు మాటల్నీ పక్కపక్కన పెడితే కళ్లకి కనపడుతుంది. అప్పటినుంచి పట్టికలో ప్రతి మాటకీ ఒక తెలుగు లిపి కాలమ్ పెట్టాను. ఈ ప్రాజెక్టులో నాకు బాగా కలిసొచ్చిన నిర్ణయం ఇదే.

తెలుగు లిపి కాలమ్ వల్ల తేలిన ఇంకో సంగతి జెర్రీమాండర్. 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన ఎన్నికల హద్దుల్లో ఒక నియోజకవర్గం సాలమాండర్ (బల్లిలాంటి ప్రాణి) ఆకారంలో ఉందని బోస్టన్‌లో ఒక పత్రిక ఎగతాళి చేసింది. ఆయన పేరు పలికేది 'గ'తో, మాట పలికేది 'జ'తో. స్పెల్లింగు ఒకటే కావడంతో ఇంగ్లీషు పట్టికలో ఈ మార్పు జరిగినట్టే తెలియదు. తెలుగులో గెర్రీ కింద జెర్రీమాండర్ అని రాయగానే తెలిసిపోతుంది. కళ్లతో చదివి నేర్చుకున్న జనం నోట్లో మాట మారింది. అందుకే స్పెల్లింగు కాలమ్‌ని కూడా తీసేయకుండా ఉంచాను.

అయితే మన లిపికీ ఒక చిక్కు ఉంది. బ్రంచ్ తీసుకోండి. 1895లో గై బెరింజర్ అనే ఆయన ఒక ఇంగ్లండ్ పత్రికలో ఈ మాటని ప్రచారంలోకి తెచ్చాడు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్. ఇక్కడ కోత పడింది 'బ్రం' అనే అక్షరం లోపల. హల్లులు రెండూ బ్రేక్‌ఫాస్ట్‌వి, వాటి మీది అచ్చు లంచ్‌ది. మనకి హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం కాబట్టి కోత గీత గీయడానికి చోటు ఉండదు. అందుకని పక్కనే పొల్లులు విడదీసి రాసే కాలమ్ పెట్టాను: బ్, ర్ | అ, న్, చ్. దీనితో లెక్క కూడా తేలికైంది. బ్రేక్‌ఫాస్ట్ ధ్వనులు 8, మిగిలినవి 2. లంచ్ ధ్వనులు 4, మిగిలినవి 3. స్మోక్ 4లో 2, ఫాగ్ 3లో 2. స్పూన్, ఫోర్క్ కలిసిన స్పోర్క్‌లోనూ కోత పడింది అచ్చుకి ముందే. ఒక్క ఊపులో పలికే పొట్టి మాటలన్నీ ఇంతవరకు నాకు ఇలాగే కనపడ్డాయి. మొదటి మాట హల్లులు ఇస్తుంది, రెండో మాట అచ్చు దగ్గర్నుంచి చివరిదాకా ఇస్తుంది.

ఈ 'మిగులు' లెక్కలో పై మెట్టున ఉన్నది గెస్టిమేట్. గెస్, ఎస్టిమేట్. గెస్ చివర ఉన్న 'ఎస్' ఎస్టిమేట్ మొదట్లోనూ ఉంది. ఆ ఒక్క 'ఎస్' రెండింటికీ సరిపోయింది, ఏ ధ్వనీ పోలేదు. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు మన సంధిలో ఒక ఉకారమైనా పోతుంది. ఇక్కడ అదీ లేదు. దానికి కొంచెం కింద ఫ్రెండ్, ఎనెమీ కలిసిన ఫ్రెనెమీ ఉంది, ఫ్రెండ్‌లోని 'డ్' ఒక్కటే రాలిపోయింది. మాక్, డాక్యుమెంటరీ కలిసిన మాక్యుమెంటరీలో కూడా రాలింది ఒక్క 'డ'నే, ఈసారి డాక్యుమెంటరీ మొదట్లోది. హంగ్రీ, యాంగ్రీ కలిసిన హ్యాంగ్రీ అయితే నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది. ఆకలితో వచ్చే కోపానికి, ఒకే ఒక్క అచ్చు మార్చి మాట తయారుచేశారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీన్ని 2018లో చేర్చుకుంది.

జులై, మొదటి వారం

ఉమ్మడి ధ్వనుల్ని చేత్తో గుర్తించడం ఆలస్యమవుతోందని చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉచిత ఉచ్చారణ నిఘంటువులో 1,34,000కు పైగా మాటలకి ధ్వనులు విడివిడిగా రాసి ఉన్నాయి. రెండు మూలపదాలు ఇస్తే, మొదటిదాని చివరా రెండోదాని మొదటా కలిసే ధ్వనుల్ని స్క్రిప్టు వెతికి చూపిస్తుంది. ఆ నిఘంటువు అమెరికా ఉచ్చారణది కాబట్టి స్టేకేషన్ దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అమెరికాలో వెకేషన్‌ని 'వేకేషన్' అని ఏకారంతో పలుకుతారు, స్టేలోని ఏకారంతో అది చక్కగా కలుస్తుంది. బ్రిటన్‌లో ఆ అచ్చు తేలిపోతుంది, కలవదు. కాబట్టి ఈ మాటకి రెండు అడ్డువరుసలు రాశాను.

ఏ మాట ముందు రావాలన్నది ఇంకో కాలమ్. 1998లో మైకేల్ కెల్లీ చేసిన పరిశీలన ప్రకారం ఎక్కువ వాడకంలో ఉన్న మాట, పొట్టి మాట ముందుకు వచ్చే మొగ్గు ఎక్కువ. నా పట్టికలో ఇది చాలా చోట్ల నిలుస్తోంది. నిలవని చోట వేరే కారణం ఏదో ఒకటి దొరుకుతోంది. బ్రంచ్‌లో పొడుగు మాటే ముందుంది, ఎందుకంటే పూటల వరుస అది. లైగర్, టైగాన్ అయితే వరుస మీదే అర్థం ఆధారపడి ఉంది. తండ్రి సింహం, తల్లి పులి అయితే లైగర్. తండ్రి పులి, తల్లి సింహం అయితే టైగాన్. తండ్రి పేరు ముందు. ఇలాంటి చోట వరుసని ధ్వని నిర్ణయించలేదు.

జులై, చివర్లో

పట్టికలోంచి తీసి పక్కన పెట్టినవి. ఎమోజీ: ఇది జపనీస్ మాట, 'ఎ' అంటే బొమ్మ, 'మోజీ' అంటే అక్షరం. ఎమోషన్‌తో చుట్టరికం ఏమీ లేదు. ఎమోటికాన్ మాత్రం ఎమోషన్, ఐకాన్ కలిసినదే, అది ఉంటుంది. వైఫై: 'వైర్‌లెస్ ఫిడెలిటీ'కి కుదింపు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది హైఫైకి ప్రాస కుదిరేలా ఒక బ్రాండింగ్ సంస్థ పెట్టిన పేరు.

సిట్‌కామ్, మోడెమ్ లాంటివి వేరే షీట్‌లోకి మార్చాను. వీటిలో రెండు మాటల మొదటి భాగాలే ఉంటాయి, రెండో మాట చివర వినపడదు. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ రెండింటి తలలూ తీసుకుంటే మోడెమ్. వీటిని కుదించిన సమాసాలు అనడం సబబు. బిట్ మాత్రం నిఖార్సైన బ్లెండ్: బైనరీ తల, డిజిట్ తోక. క్లాడ్ షానన్ 1948 నాటి తన వ్యాసంలో ఈ మాట జాన్ ట్యూకీ ఇచ్చినదని చెప్పాడు. కంప్యూటర్లన్నీ ఈ మూడు ధ్వనుల మాట మీద నడుస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆగస్టు, రెండో వారం

ఈ నెల పని మొత్తం ప్రాజెక్టునే మలుపు తిప్పింది. దీనికి కారణం మా అన్నయ్య కూతురు. ఇంజినీరింగ్ చదువుతోంది, సెలవులకి వచ్చి నా పక్కన కూర్చుని పట్టిక చూస్తూ అడిగింది.

"బాబాయ్, హ్యాకథాన్‌లో థాన్ అంటే ఏంటి?"

"దానికి అర్థం లేదమ్మా. మారథాన్ తోక అది. మారథాన్ అంటే గ్రీసులో ఒక ఊరు."

"అర్థం లేకపోతే మా కాలేజీలో ఐడియాథాన్ అని పెడితే అందరికీ ఎలా అర్థమైంది?"

అసలు ప్రశ్న ఇదే. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు కెనడాలోని కాల్గరీలో కలిసి కూర్చుని కోడ్ రాసినప్పుడు హ్యాక్, మారథాన్ కలిపి ఆ పేరు పెట్టారు. అప్పుడది బ్లెండ్. ఐడియాథాన్ దగ్గరికి వచ్చేసరికి పరుగుపందెం ఎవరి మనసులోనూ లేదు. 'అథాన్' అంటే ఏకబిగిన చాలాసేపు జరిగే కార్యక్రమం అన్న అర్థం దానికదే వచ్చేసింది. కోసినప్పుడు ఊడిన ముక్క ప్రత్యయమైపోయింది. ఇలాంటి ముక్కల్ని స్ప్లింటర్లు అంటారు. నేను తోకలు అంటున్నాను.

ఇక తోకలున్న మాటలన్నీ ఒకచోటికి చేర్చాను. ఆల్కహాలిక్ అనేదాన్ని న్యాయంగా విడదీస్తే ఆల్కహాల్, ఇక్. కానీ 1971లో వేన్ ఓట్స్ పుస్తకంతో జనంలోకి బాగా వెళ్లిన వర్కహాలిక్‌లో కోత ఇంకోచోట పడింది. ఆ తర్వాత షాపహాలిక్, చాకహాలిక్ వరసగా వచ్చాయి. హ్యాంబర్గర్ అయితే హాంబర్గ్ ఊరి పేరు మీద వచ్చినది, అందులో హ్యామ్ (పంది మాంసం) లేదు. జనం చెవికి హ్యామ్, బర్గర్ అని వినపడింది, చీజ్‌బర్గర్ పుట్టింది, ఇప్పుడు బర్గర్ సొంత కాళ్ల మీద నిలబడ్డ మాట. వాటర్‌గేట్ 1972లో దొంగతనం జరిగి, పెద్ద రాజకీయ కుంభకోణానికి దారితీసిన వాషింగ్టన్ భవనాల పేరు. దాని 'గేట్' ఏ కుంభకోణానికైనా తగిలించుకునే తోకైంది. బ్రెగ్జిట్‌కి ముందే 2012లో గ్రీసు యూరో వదిలిపోతుందా అన్న చర్చలో గ్రెగ్జిట్ వచ్చింది. అదే ఏడాది దాన్ని చూసి బ్రెగ్జిట్ వచ్చింది. అంటే బ్రెగ్జిట్‌ని బ్రిటన్, ఎగ్జిట్ అని మాత్రమే రాస్తే సగం సంగతే చెప్పినట్టు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన మాట ట్రాన్సిస్టర్. ఎక్కడ చూసినా ట్రాన్స్‌ఫర్, రెసిస్టర్ కలిసి ట్రాన్సిస్టర్ అని ఉంటుంది. 1948లో బెల్ ల్యాబ్స్‌లో కొత్త పరికరానికి పేరు ఎంచుకోమని ఉద్యోగుల మధ్య ఒక కాగితం తిప్పారు. జాన్ పియర్స్ సూచించిన ట్రాన్సిస్టర్ అన్న పేరు పక్కన అందులో రాసిన వివరణ వేరే: ట్రాన్స్‌కండక్టెన్స్ లేదా ట్రాన్స్‌ఫర్, దానితో వేరిస్టర్. ఈ వేరిస్టర్ ఏమిటని చూస్తే అదీ బ్లెండే, వేరియబుల్, రెసిస్టర్. థెర్మిస్టర్ కూడా అంతే. అంటే ట్రాన్సిస్టర్ పుట్టేనాటికి 'ఇస్టర్' అప్పటికే తోకగా మారుతోంది. పేరు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది రెసిస్టర్ ఒక్కటే కాదు, పక్కనే ఉన్న ఆ పరికరాల కుటుంబం కూడా.

ఇక్కడ నాకు స్పష్టమైంది ఏమిటంటే, ఒక మాట బ్లెండా కాదా అన్నది ఆ మాట ఒక్కదాన్నీ చూసి చెప్పలేం. దానికి ముందు ఏం పుట్టాయి, తర్వాత ఏం పుట్టాయి అన్నది కూడా చూడాలి. అందుకని రకం అనే కాలమ్‌ని రెండు చేశాను: పుట్టినప్పటి రకం, ఇప్పటి రకం. వర్కహాలిక్‌కి మొదటి గడిలో బ్లెండ్, రెండో గడిలో తోక మాట. పక్కన సంవత్సరం కాలమ్ తప్పనిసరి చేశాను. మోటార్, హోటెల్ కలిసిన మోటెల్ 1925, కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో. రాసింది కూడా మధ్యలో గీతతో, 'మో-టెల్' అని. కొత్త మాటకి అతుకు కనపడేలా ఉంచారన్నమాట. పిక్చర్, ఎలిమెంట్ కలిసిన పిక్సెల్ 1965, జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో ఫ్రెడ్ బిల్లింగ్స్‌లీ. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ కలిసిన పాడ్‌కాస్ట్ 2004, గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది, మాట మాత్రం నిక్షేపంలా ఉంది.

ఇలా మూలం చెరిగిపోయిన మాటలకి ఇంకో గుర్తు కూడా పెడుతున్నాను. విటమిన్ అందులో మొదటిది. 1912లో కాసిమిర్ ఫంక్ ప్రాణానికి అవసరమైన అమైన్లు (ఒక రకం రసాయనాలు) అనుకుని వైటల్, అమైన్ కలిపాడు. అన్నీ అమైన్లు కావని తేలాక 1920లో జాక్ డ్రమండ్ చివరి 'ఇ' అక్షరం తీసేయమన్నాడు. శాస్త్రం సవరించుకున్న గుర్తు స్పెల్లింగులో అలా ఉండిపోయింది.

ఆగస్టు, చివరి వారం

మన వైపు మాటలు రెండు పట్టికలో ఉన్నాయి. రెండూ గట్టి పరీక్షే పెట్టాయి.

టాలీవుడ్. తెలుగు సినిమా అని మనం అనుకుంటాం. కానీ ఈ మాట ముందు పుట్టింది కలకత్తాలో. 1932లో విల్‌ఫర్డ్ డెమింగ్ అనే అమెరికన్ సౌండ్ ఇంజినీరు 'అమెరికన్ సినిమాటోగ్రాఫర్' పత్రికలో రాస్తూ, స్టూడియోలున్న టాలీగంజ్ పేట పేరుతో ఈ మాట వాడాడు. టాలీగంజ్, హాలీవుడ్. రెండింటిలోనూ 'ఆలీ' ఉంది, అతుకు అసలు కనపడనంత నున్నగా ఉంది. బాలీవుడ్‌కి ఎన్నో ఏళ్ల ముందు మాట ఇది.

ఇప్పుడు మన టాలీవుడ్ చూడండి. తెలుగులో 'టా' లేదు, 'ఆలీ' లేదు. ఇంగ్లీషు స్పెల్లింగులోని మొదటి అక్షరం ఒక్కటే వచ్చింది. నా మిగులు లెక్కలో తెలుగుకి దాదాపు ఏమీ మిగల్లేదు. ఇది బ్లెండ్ అనడం కన్నా, బాలీవుడ్, కోడంబాక్కం పేరుతో కాలీవుడ్, లాహోరు పేరుతో లాలీవుడ్, నైజీరియా పేరుతో నాలీవుడ్ ఉన్న ఒక అచ్చులో మొదటి అక్షరం మార్చడం అనాలి. కాబట్టి మాట ఒకటే అయినా అడ్డువరుసలు రెండు. టాలీగంజ్‌ది అసలైన బ్లెండ్. మనది తోక మాట. తెలుగువాడిగా ఇలా రాయడం నాకు అంత సంతోషంగా లేదు, కానీ ధ్వనులు చెప్పేది ఇదే.

సైబరాబాద్ దగ్గర పరిస్థితి తిరగబడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఆ ప్రాంతానికి, ఇప్పుడు ఒక పోలీసు కమిషనరేట్‌కి కూడా ఇదే పేరు. పైకి చూస్తే బ్లెండే కాదు అనొచ్చు. 'ఆబాద్' అంటే జనం నివసించే చోటు, ఫారసీ నుంచి వచ్చిన నిజమైన ప్రత్యయం. సికందర్ జా పేరు మీద సికందరాబాద్, అలాగే నిజామాబాద్, ఆదిలాబాద్. సైబర్‌కి ఆబాద్ చేరిస్తే సైబరాబాద్, అంతే కదా అని మా అన్నయ్య వాదన.

నేను ఒప్పుకోలేదు. హైదరాబాద్, సైబరాబాద్ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. హై స్థానంలో సై, ద స్థానంలో బ. మిగతా అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టే, దీర్ఘాలతో సహా. ఆ పేరు వినగానే హైదరాబాద్ గుర్తు రావాలి, అది రాకపోతే పేరులో పస లేదు. నిజామాబాద్ అంటే వేరే ఊరేదీ గుర్తు రానక్కర్లేదు. వెనకాల ఒక ప్రత్యేకమైన మాట వినపడాల్సిన అవసరం ఉంటే అది బ్లెండ్ అన్నది నా నిర్ణయం. ఈ ఒక్క అడ్డువరుస మీద మా ఇంట్లో జరిగినంత చర్చ ఇంకే మాట మీదా జరగలేదు. 'వెనక మాట వినపడాలా?' అన్న ప్రశ్నని కొత్త కాలమ్‌గా చేర్చడానికి కూడా ఇదే కారణం. వెనక్కి వెళ్లి ఆ కాలమ్ నింపుతుంటే స్మాగ్‌కి లేదు, హ్యాంగ్రీకి ఉంది, ఐడియాథాన్‌కి లేదు అని తేటగా విడిపోతున్నాయి.

సెప్టెంబర్, మొదటి వారం

ఇప్పుడు పట్టికలో ఉన్న కాలమ్‌లు: మాట, రెండు మూలపదాలు, తెలుగు లిపి, పొల్లులు విడదీసిన రూపం, ఒక్కో మూలానికీ మిగులు, ఉమ్మడి ధ్వనులు, వరుసకి కారణం, సంవత్సరం, పుట్టినప్పటి రకం, ఇప్పటి రకం, వెనక మాట వినపడాలా. ఆల్జియో మూడు రకాలు ఇంకా ఉన్నాయి, కానీ అవి ఇప్పుడు మిగులు అంకెల్లోంచి వాటంతటవే తేలుతున్నాయి కాబట్టి చేత్తో నింపడం మానేశాను.

కంపెనీల పేర్లు ఇంకా ముట్టుకోలేదు. ఇన్‌స్టంట్ కెమెరా, టెలిగ్రామ్ కలిసిన ఇన్‌స్టాగ్రామ్, పిన్, ఇంట్రెస్ట్ కలిసిన పింట్రెస్ట్ లాంటివి బోలెడు ఉన్నాయి. కానీ సొంతదారు ఉన్న పేర్లకీ, జనం నోట పెరిగిన మాటలకీ ఒకే కొలత సరిపోతుందని నాకు అనిపించడం లేదు. వాటికి విడిగా షీట్ కావాలి.

ముందుగా చేయాల్సింది 'గ్లిష్' తోక. హింగ్లిష్, స్పాంగ్లిష్, మన టెంగ్లిష్ పక్కపక్కన పెట్టి, ఇంగ్లిష్ అన్న మాట ఎక్కడ తెగుతోందో చూడాలి. పొల్లులు విడదీసిన కాలమ్‌లో టెంగ్లిష్ రాసి చూశాను: ట్, ఎ | న్, గ్, ల్, ఇ, ష్. టాలీవుడ్‌లో దక్కని 'టె' ఇందులో తెలుగుకి దక్కింది.